స్టార్టప్ విదేశీ మార్కెట్‌కు వెళ్లాలంటే ఇంక్యుబేటర్ ఎంతవరకు తోడు వస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లోని ఒక ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త కంపెనీలు నిలదొక్కుకునేలా సాయం చేసే సంస్థలో, మన స్టార్టప్‌లను బయటి దేశాల కొనుగోలుదారులతో కలిపే పని చేస్తుంటాను. ఫౌండర్లు ఫోన్లో, టీ తాగుతూ, ఒక్కోసారి ఫ్లైట్ ఎక్కే ముందు రోజు రాత్రి టెన్షన్‌తో అడిగే ప్రశ్నలే ఇవి. నాకు తెలిసినంతలో నిజం చెప్పడానికి ప్రయత్నించాను.

ఇంక్యుబేటర్ అంటే తక్కువ అద్దెకు ఆఫీసు ఇచ్చే చోటేనా?

మొదలైంది అలాగే. 1959లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బటేవియా అనే చిన్న ఊళ్లో, మాసీ-హారిస్ కంపెనీ వదిలేసి వెళ్లిన పెద్ద ఫ్యాక్టరీ భవనం మాంకూసో కుటుంబం చేతికి వచ్చింది. అంత భవనాన్ని ఒక్కరే అద్దెకు తీసుకునేవారు దొరకలేదు. దాంతో జోసెఫ్ మాంకూసో దాన్ని ముక్కలు చేసి చిన్న వ్యాపారాలకు ఇచ్చాడు, వాళ్లు నిలదొక్కుకోవడానికి సలహాలూ ఇచ్చాడు. దిగినవాళ్లలో ఒక కోళ్ల హేచరీ కూడా ఉంది. అక్కడ కోడిపిల్లలను పొదుగుతుంటే, మేం ఇక్కడ కంపెనీలను పొదుగుతున్నాం అనుకున్నారు. ఇంక్యుబేటర్ అన్న పేరు అలా నిలిచిపోయింది.

ఇప్పుడు అద్దె చిన్న విషయం. ల్యాబ్, మెంటర్లు, లాయర్, సీఏ, మొదటి కస్టమర్‌తో పరిచయం, ఇవే అసలు సరుకు. యాక్సిలరేటర్ అంటే ఇదే పనిని మూడు నాలుగు నెలల్లో గట్టిగా తోసి చేయించేది. 2005లో అమెరికాలో మొదలైన వై కాంబినేటర్ అందరికీ తెలిసిన ఉదాహరణ.

సరే, విదేశీ మార్కెట్ విషయంలో అది అసలు చేసేదేమిటి?

ఊరి నుంచి మొదటిసారి అమీర్‌పేటకు కోచింగ్ కోసం వచ్చిన కుర్రాడిని గుర్తు చేసుకోండి. మన ఊరివాళ్ల రూమ్ ఒకటి ఉంటుంది. పది రోజులు అక్కడ చాప పరుచుకుంటాడు. ఏ మెస్‌లో అన్నం బాగుంటుందో, ఏ ఇన్‌స్టిట్యూట్ ఫీజు తీసుకుని బోర్డు తిప్పేస్తుందో, ఏ బస్సు ఎక్కాలో రూమ్మేట్లే చెప్తారు. హాస్టల్ ఓనర్‌తో "మా వాడే అన్నా" అని ఒక్క మాట చెప్తే అడ్వాన్స్ కూడా తగ్గుతుంది. తర్వాత చదువు అతనిది, ఉద్యోగం అతనిది.

ఇంక్యుబేటర్ చేసేది ఆ రూమ్ పనే. "మా వాడే" అన్న మాటకే విలువ ఎక్కువ. జర్మనీలో ఒక ఫ్యాక్టరీ మేనేజర్‌కు మీ కంపెనీ పేరు తెలియదు, మీరు రేపు ఉంటారో లేదో తెలియదు. మీరు పంపిన మెయిల్ చదవడు. అదే మెయిల్ అతనికి పదేళ్లుగా తెలిసిన అక్కడి ఇంక్యుబేటర్ డైరెక్టర్ నుంచి వెళ్తే ఇరవై నిమిషాలు కేటాయిస్తాడు. ఆ నమ్మకాన్ని ఇంక్యుబేటర్ మీకు అప్పుగా ఇస్తుంది. మీరు మాట తప్పితే పోయేది దాని పరపతి కూడా. అందుకే మంచి ఇంక్యుబేటర్ ప్రతి స్టార్టప్‌నూ ప్రతి కొనుగోలుదారుకూ పరిచయం చేయదు. "మా పేరు ఎందుకు పంపలేదు" అని అలిగే ఫౌండర్లకు నేను ఇదే చెప్తుంటాను.

ఇక మిగతా పనులు: దేశం ఎంపికలో సాయం, అక్కడి నిబంధనలు చెప్పేవారిని చూపించడం, ట్రయల్ చేయడానికి చోటు, అక్కడ మొదటి కొన్ని నెలలు కూర్చోవడానికి డెస్క్.

సాఫ్ట్ ల్యాండింగ్ అన్న మాట తరచూ వింటున్నాం. అంటే?

వెళ్లే దేశంలోని ఇంక్యుబేటర్ మిమ్మల్ని కొన్ని వారాలో నెలలో తన దగ్గర ఉంచుకుని, అక్కడి వ్యాపారం అలవాటయ్యేలా చేయడం. అమీర్‌పేట రూమ్‌కు అంతర్జాతీయ రూపం అన్నమాట.

2010లో చిలీ ప్రభుత్వం 'స్టార్ట్-అప్ చిలీ' పెట్టి, వాటా ఏమీ అడగకుండా ఒక్కో జట్టుకు 40,000 డాలర్లిచ్చి బయటి దేశాల ఫౌండర్లను శాంటియాగోకు రప్పించుకుంది. ఆ తర్వాత చాలా దేశాలు ఆ దారిలో నడిచాయి. దక్షిణ కొరియా కె-స్టార్టప్ గ్రాండ్ ఛాలెంజ్ నడుపుతోంది. ప్యారిస్‌లో పాత రైల్వే సరుకుల షెడ్డులో 2017లో స్టేషన్ ఎఫ్ తెరిచారు. అబుదాబిలో హబ్71 ఉంది. సింగపూర్‌లో నేషనల్ యూనివర్సిటీవాళ్ల బ్లాక్71 ఉంది. ఇది కూలగొట్టాల్సిన పాత పారిశ్రామిక భవనంలో మొదలై, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, జకార్తా లాంటి చోట్ల కూడా శాఖలు తెరిచింది. జపాన్ అయితే విదేశీ వ్యాపారం చూసే ప్రభుత్వ సంస్థ జెట్రో దగ్గరికే ముందు వెళ్లండి. వాళ్లు ఓపిగ్గా సమాధానం చెప్తారు.

హైదరాబాద్‌లో 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గం కొత్త భవనంలోకి మారిన ఇంక్యుబేటర్ టీ-హబ్ కూడా రెండు వైపులా పని చేస్తుంది. మనవాళ్లను బయటకు పంపడం, బయటివాళ్లను ఇక్కడికి రప్పించడం రెండూ దాని పనే. వచ్చిన విదేశీ స్టార్టప్ మీ పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటుంది. వాళ్లతో కలిసి భోంచేయండి. వాళ్ల దేశం గురించి ఏ రిపోర్టులోనూ దొరకని సంగతులు ఆ అరగంటలో తెలుస్తాయి.

ఇంక్యుబేటర్ నుంచి మొదలై బయటి దేశాల్లో నిలబడ్డ మన కంపెనీలు ఉన్నాయా?

ఉన్నాయి. యూనిఫోర్ 2008లో ఐఐటీ మద్రాస్ గ్రామీణ టెక్నాలజీ ఇంక్యుబేటర్‌లో పుట్టింది. మన భాషల్లో మాటను అర్థం చేసుకునే టెక్నాలజీతో మొదలుపెట్టి, ఇప్పుడు కాలిఫోర్నియా ప్రధాన కార్యాలయంగా పెద్ద కంపెనీల కాల్ సెంటర్లకు సాఫ్ట్‌వేర్ అమ్ముతోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ల ఏథర్ కూడా ఐఐటీ మద్రాస్ ఇంక్యుబేషన్ సెల్ నుంచే వచ్చింది. 2013లో మొదలైన ఆ కంపెనీ మొదటిసారి బయటి దేశంలో అమ్మింది పదేళ్లకు, 2023లో, అదీ నేపాల్‌లో. తర్వాత శ్రీలంక. డ్రోన్ల ఐడియాఫోర్జ్‌ది ఐఐటీ బాంబే ఇంక్యుబేటర్. అది అమెరికాలో అనుబంధ కంపెనీ పెట్టుకుంది.

ఏథర్ దారి నాకు చాలా నచ్చుతుంది. మన రోడ్ల లాంటి రోడ్లు, మన లాంటి బండి అలవాట్లు, నేపాల్‌కైతే సరుకు లారీలో వెళ్లేంత దూరం. స్థానిక డీలర్ ఒకరు తోడు. తొందరపడలేదు.

మరి ఏ దేశం ముందు? అందరూ అమెరికా అంటున్నారు.

అమెరికా వద్దనను. కానీ "అందరూ వెళ్తున్నారు" అన్నది కారణం కాదు. నేను మూడు సంగతులు అడుగుతాను. మీరు అడగకుండానే ఏ దేశం నుంచి ఎంక్వైరీ వచ్చింది? ఆ దేశంలో మీ వస్తువు అమ్మడానికి అనుమతికి ఎన్ని నెలలు పడుతుంది? అక్కడి కస్టమర్‌కు సమస్య వస్తే మీ మనిషి ఎంతసేపట్లో ఫోన్ ఎత్తగలడు?

వ్యవసాయ యంత్రాలకు వియత్నాం, థాయిలాండ్, కెన్యా లాంటి చోట్లు చాలాసార్లు బాగా కుదురుతాయి. చిన్న కమతాలు, మనలాంటి పంటలు. గల్ఫ్ దగ్గర, మనవాళ్లు ఎక్కువ. 2022 మే 1 నుంచి యూఏఈతో వాణిజ్య ఒప్పందం కూడా అమల్లో ఉంది కాబట్టి చాలా సరుకులకు సుంకం తగ్గింది.

ఒకేసారి మూడు దేశాలు వద్దు. ఒకటి చాలు.

మా అన్నయ్య డాలస్‌లో ఉన్నాడు. ఇంక్యుబేటర్ అవసరమా?

తెలుగువాళ్ల దగ్గర ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. బయటి దేశాల్లో మనకున్నంత బలగం చాలామందికి లేదు. అన్నయ్య ఇంట్లో ఉండొచ్చు, కారు ఇస్తాడు, వదినగారు పప్పు, ఆవకాయ పెడతారు. హోటల్ ఖర్చు మిగలడం ఆరంభంలో చిన్న సాయం కాదు. ఆయన పనిచేసే కంపెనీలో సరైన మనిషిని పరిచయం చేస్తే ఇంకా మంచిది.

కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఆయన హెచ్-1బీ మీద ఉంటే మీ కంపెనీకి పని చేయకూడదు. జీతం లేకుండా, సాయంత్రాలు మాత్రమే అన్నా సరే, ఆయన వీసాకే ముప్పు. స్టూడెంట్ వీసా మీదున్న తమ్ముడి సంగతీ అంతే. పెట్టుబడి పెట్టడం వేరు, పని చేయడం వేరు. ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి. రెండు, మొహమాటం. బంధువు "బాగుందిరా" అంటాడు. తెలియని కొనుగోలుదారు "నాకు ఇది ఎందుకు?" అంటాడు. మీకు కావాల్సింది ఆ రెండో మాట. ఇంక్యుబేటర్ మిమ్మల్ని కూర్చోబెట్టేది అలాంటి వాళ్ల ముందు.

మీ వీసా సంగతి కూడా చెప్తాను. వ్యాపార పర్యటనలకిచ్చే బీ-1 వీసా మీద మీటింగులకు వెళ్లొచ్చు, ఎగ్జిబిషన్ చూడొచ్చు, ఒప్పందం మాట్లాడుకోవచ్చు. అక్కడే కూర్చుని కస్టమర్ దగ్గర రోజువారీ పని చేయకూడదు.

ఇంక్యుబేటర్ తీసుకెళ్లే విదేశీ యాత్రల వల్ల లాభం ఉంటుందా?

వెళ్లే ముందు నెల, వచ్చాక నెల ఎలా గడిపారన్న దాని మీదే ఉంటుంది. ఐదు రోజుల్లో ఇరవై మీటింగులు, ఫొటోలు, విజిటింగ్ కార్డుల కట్ట, తిరిగొచ్చాక నిశ్శబ్దం. ఇలాంటివి నేను చాలా చూశాను, బాధపడ్డాను. చూసొచ్చిన దేశం వేరు, అమ్మిన దేశం వేరు.

బాగా జరిగినది ఒకటి చెప్తాను. గుంటూరు ప్రాంతం కుర్రాళ్లు ముగ్గురు ఎండుమిర్చిలో తేమ ఎంతుందో చూపించే చేతి పరికరం చేశారు. మిర్చి యార్డులో టిక్కీ (బస్తా) విప్పి, గుప్పెడు కాయలు గిన్నెలో వేసి మూత నొక్కితే అంకె వస్తుంది. మాతో బ్యాంకాక్‌లో ఒక ఎగ్జిబిషన్‌కు వచ్చారు. ఇక్కడి నుంచి మిర్చి సంచి తీసుకెళ్తామంటే, పురుగు, తెగులు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా కుదరదని ఆపాం. మొదటి రోజే ఒక పెద్దావిడ, మిర్చి వ్యాపారి, తన సంచిలోంచి అక్కడి చిన్న చిన్న కాయలు తీసి గిన్నెలో పోసింది. అంకె తప్పు వచ్చింది. మళ్లీ వేసింది, మళ్లీ తప్పే. పరికరం మన తేజ రకం మిర్చికి సరిచేసి ఉంది. అక్కడి కాయ సైజు, తొక్క మందం వేరు. కుర్రాళ్ల ముఖాలు వాడిపోయాయి.

ఆ సాయంత్రం మా భాగస్వామి ఇంక్యుబేటర్‌లోని ఒక అమ్మాయి, దగ్గర్లోని యూనివర్సిటీ ల్యాబ్‌లో ఓవెన్, త్రాసు ఉన్న బల్ల నాలుగు రోజులకు ఇప్పించింది. మార్కెట్లో ఐదు రకాల మిర్చి కొన్నారు. ఓవెన్‌లో ఆరబెట్టి, తూచి, అసలు తేమకూ పరికరం చూపిన అంకెకూ తేడా పట్టిక రాసుకున్నారు. స్టాల్‌లో ఒకరు, ల్యాబ్‌లో ఇద్దరు. చివరి రోజు ఆ పెద్దావిడను మళ్లీ పిలిచారు. ఈసారి అంకె సరిపోయింది. ఆమె అక్కడికక్కడే రెండు పరికరాలు అడిగింది.

ఆ బల్ల మనం డబ్బిచ్చినా అంత త్వరగా దొరికేది కాదు. ఇంక్యుబేటర్ విలువ ఏమిటని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ ఓవెన్ ఉన్న బల్లే.

వస్తువు పంపేటప్పుడు ఎక్కడ దెబ్బతింటాం?

టెక్నాలజీ దగ్గర కాదు, చెక్క పెట్టె దగ్గర! చెక్క ప్యాకింగ్‌కు పురుగు పోయేలా వేడి చేసినట్టు ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉండాలి. అది లేక పోర్టులో సరుకు ఆగిపోయిన జట్లు నాకు తెలుసు. పరికరంలో లిథియం బ్యాటరీ ఉంటే విమానంలో పంపడానికి బ్యాటరీ రవాణాకు సురక్షితమని చూపే యూఎన్ 38.3 పరీక్ష రిపోర్టు అడుగుతారు. ఎగ్జిబిషన్‌లో చూపించి తిరిగి తెచ్చుకునే వస్తువైతే, ఒప్పందంలో ఉన్న దేశాలకు ఏటీఏ కార్నెట్ అనే తాత్కాలిక కస్టమ్స్ పత్రం తీసుకోవచ్చు. మన దేశంలో వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. దానితో అక్కడ సుంకం కట్టాల్సిన పని ఉండదు. ఎగుమతికి కావాల్సిన ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయలకే వస్తుంది. తీసుకుని ఊరుకోకుండా ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు సరిచూసి అప్‌డేట్ చేయాలి.

సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పే హెచ్‌ఎస్ కోడ్ ఎంపిక మీ కజిన్‌కో గూగుల్‌కో వదలకండి. కోడ్ తప్పితే సుంకం మారిపోతుంది. ఇంక్యుబేటర్‌లో కస్టమ్స్ బ్రోకర్ ఒకరు మెంటర్‌గా ఉన్నారేమో అడగండి. చాలాచోట్ల ఇన్వెస్టర్లు పదిమంది ఉంటారు గానీ కస్టమ్స్ బ్రోకర్ ఒక్కరూ ఉండరు. ఈ లోటు తీరాలని నా కోరిక.

మాది సాఫ్ట్‌వేర్. మాకు ఈ గొడవ లేదు కదా?

పెట్టె గొడవ లేదు, డేటా గొడవ ఉంది. యూరప్ ప్రజల వివరాలు ముట్టుకుంటే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ వర్తిస్తుంది. పెద్ద ఉల్లంఘనకు జరిమానా 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంత వరకు వెళ్లొచ్చు. అమెరికా కంపెనీలు డేటా భద్రతను బయటి ఆడిటర్ చూసి ఇచ్చే ఎస్‌ఓసీ 2 రిపోర్టు అడుగుతాయి. ఆసుపత్రుల డేటా అయితే అక్కడి ఆరోగ్య వివరాల చట్టం హిపా.

పన్ను వైపు చూస్తే, జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం ప్రతి ఆర్థిక సంవత్సరం వేసుకుంటే ఎగుమతి బిల్లు మీద ఐజీఎస్టీ కట్టకుండా పంపొచ్చు. మార్చి ఆఖర్లో గుర్తు పెట్టుకోండి.

వైద్య పరికరాల సంగతి?

ఇక్కడ ఓపిక ఎక్కువ కావాలి. యూరప్‌కు అక్కడి నిబంధనలు పాటించామని చూపే సీఈ గుర్తు, అదీ 2021 మే 26 నుంచి అమలైన కొత్త ఎండీఆర్ (వైద్య పరికరాల) నిబంధనల ప్రకారం. అమెరికాలో చాలా పరికరాలకు ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 510(కె), అంటే ఇప్పటికే అనుమతి ఉన్న పరికరంతో మీది సమానమని చూపించడం. అన్నిటికీ పునాది వైద్య పరికరాల తయారీ నాణ్యత ప్రమాణం ఐఎస్‌ఓ 13485. విశాఖలోని మెడ్‌టెక్ జోన్‌లో పరీక్షల ల్యాబులు, తయారీ, ఇంక్యుబేషన్ ఒకేచోట ఉన్నాయి. హైదరాబాద్ వైపు జీనోమ్ వ్యాలీలో ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఉంది. ఈ రంగంలో ఉంటే సాధారణ ఇంక్యుబేటర్ కన్నా ఇలాంటి చోటే మేలు.

వెంటనే అమెరికాలో కంపెనీ రిజిస్టర్ చేయాలా?

చాలామంది ఒక రాత్రి ఆన్‌లైన్‌లో కొన్ని వందల డాలర్లు కట్టేసి అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ పెట్టేసి, పొద్దున వచ్చి చెప్తారు. అప్పటికే పొరపాటు జరిగిపోయి ఉంటుంది.

ఇక్కడ నివసించే మనిషి విదేశీ కంపెనీలో వాటా తీసుకోవడం విదేశీ మారకపు చట్టం ఫెమా కింద విదేశీ పెట్టుబడి. 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం విదేశీ మారకం లావాదేవీలకు అనుమతి ఉన్న బ్యాంకు (ఏడీ బ్యాంకు) ద్వారా ఫారం ఎఫ్‌సీ ఇచ్చి, ఆ పెట్టుబడికి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు తీసుకుని డబ్బు పంపాలి. ఆ తర్వాత మామూలుగా ఏటా డిసెంబరు 31 లోపు ఒక నివేదిక ఇవ్వాలి. అమెరికా వైపు చూస్తే, విదేశీయుల చేతిలో ఉన్న కంపెనీ అక్కడి పన్ను శాఖకు ఫారం 5472 వేయకపోతే జరిమానా 25,000 డాలర్ల నుంచి మొదలవుతుంది. కంపెనీ ఒక్క డాలరు సంపాదించకపోయినా సరే.

మాతృ కంపెనీనే బయటికి మార్చమని ఇన్వెస్టర్ అడిగితే ఇంకా ఆలోచించండి. ఫోన్‌పే 2022లో సింగపూర్ నుంచి తిరిగి ఇండియాకు మారినప్పుడు దాని ఇన్వెస్టర్లు దాదాపు 8,000 కోట్ల రూపాయల పన్ను కట్టాల్సి వచ్చింది. మొదటి ఒకరిద్దరు కస్టమర్లకు ఇండియా కంపెనీ నుంచే బిల్లు పంపొచ్చు. వాళ్లు ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం. ఇంక్యుబేటర్‌లోని సీఏ ముందు రెండు గంటలు కూర్చుంటే ఈ టెన్షన్ అంతా తప్పుతుంది.

పేటెంట్ ఎప్పుడు వేయాలి?

విదేశంలో చూపించే ముందే. ఇండియాలో వేసిన తేదీ నుంచి 12 నెలల్లో పీసీటీ అనే అంతర్జాతీయ పేటెంట్ దరఖాస్తు వేస్తే, చాలా దేశాల్లో అసలు ఖర్చు పెట్టడానికి ఆ మొదటి తేదీ నుంచి 30 నెలల దాకా సమయం దొరుకుతుంది. ఆలోగా ఏ దేశం పనికొస్తుందో తేలుతుంది. ఇండియాలో గుర్తింపు ఉన్న స్టార్టప్‌కు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. ట్రేడ్‌మార్క్‌కు, ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో నమోదు కోరే మాడ్రిడ్ విధానం ఉంది. మన దేశం 2013లో అందులో చేరింది.

ఇంక్యుబేటర్ మా నుంచి ఏం తీసుకుంటుంది?

కొన్ని నెలవారీ ఫీజు, కొన్ని చిన్న వాటా, ప్రభుత్వ నిధులతో నడిచేవి కొన్ని ఏమీ తీసుకోవు. వై కాంబినేటర్ 1,25,000 డాలర్లకు 7 శాతం తీసుకుంటుంది. దాన్ని కొలతగా పెట్టుకుని, మీకిచ్చేది ఎంత, అడిగేది ఎంత అని చూడండి. 2021లో 945 కోట్లతో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌ను ఇంక్యుబేటర్ల ద్వారానే పంచారు. నమూనా, ట్రయల్స్‌కు 20 లక్షల దాకా గ్రాంటు, మార్కెట్‌లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా అప్పు లేదా తర్వాత వాటాగా మారే కన్వర్టబుల్ రూపంలో.

మంచి ఇంక్యుబేటర్‌ను ఎలా గుర్తుపట్టాలి?

గోడ మీద విదేశీ జెండాలు, ఒప్పంద పత్రాల ఫొటోలు చూసి కాదు. ఇంతకుముందు వాళ్ల ద్వారా వెళ్లిన ఐదు స్టార్టప్‌ల ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అక్కడే సమాధానం దొరికినట్టు. ఆ ఐదుగురినీ ఒకటే అడగండి: "అక్కడి నుంచి డబ్బు వచ్చిందా, ఎన్ని నెలలకు?" ఉచిత ట్రయల్స్ లెక్కలోకి తీసుకోకండి. ఎంత చిన్న మొత్తమైనా సరే, డబ్బు చెల్లించి చేయించుకున్న ట్రయల్‌కే విలువ.

ఇంకొకటి. అవతలి దేశంలో మీ కోసం ఫోన్ ఎత్తే మనిషి పేరు ఏమిటో అడగండి. సంస్థ పేరు కాదు, మనిషి పేరు.

మేం హైదరాబాద్‌లో లేం. మాకు దారి ఉందా?

ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను అమరావతి కేంద్రంగా 2025లో మొదలుపెట్టారు. విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో దాని శాఖలు. వ్యవసాయ రంగమైతే రాజేంద్రనగర్‌లోని నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) ప్రాంగణంలో ఏ-ఐడియా, మహిళా ఫౌండర్లకు హైదరాబాద్‌లో 2018 నుంచి వీ హబ్ ఉన్నాయి. ఇక్కడివరకు వచ్చి కలవడానికి ఒక రోజు పెట్టుకోండి చాలు, ఆఫీసు మార్చక్కర్లేదు.

ఆ మొదటి మీటింగ్‌కు మీ కంపెనీని పరిచయం చేసే స్లైడ్లతో (పిచ్ డెక్) పాటు, గత ఆరు నెలల్లో బయటి దేశాల నుంచి మీకొచ్చిన ఎంక్వైరీలు ప్రింట్ తీసుకుని తెండి. వాట్సాప్ మెసేజీలైనా పర్వాలేదు. ఆ కాగితాలు బల్ల మీద పెడితే ఏ దేశమో, ఎవరికి ఫోన్ చేయాలో అరగంటలో తేల్చుకోవచ్చు. ఒక్కటీ లేకపోయినా రండి, కాకపోతే అప్పుడు మన మాటలు ఇక్కడి కస్టమర్ల గురించి మొదలవుతాయి.